పల్లెల్లో వెనుకబడిపోయిన యువతకు అండగా నిలిచే కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం ఎలా?

చాలా ఊళ్ల నుంచి వస్తున్న ప్రశ్న ఒకటే. "మా దగ్గర సేవ చేయాలన్న మనసున్న యువతీ యువకులు కొందరు ఉన్నారు. బడి మానేసినవాళ్లకు, పని దొరకనివాళ్లకు, వలస పోయి వచ్చేవాళ్లకు వీళ్లు తోడుగా నిలబడేలా తయారు చేయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?" స్వచ్ఛంద సంస్థలవాళ్లు, మహిళా సమాఖ్యల బాధ్యులు, ఉపాధ్యాయులు, గ్రంథాలయాలు నడిపేవాళ్లు అందరూ ఇదే అడుగుతున్నారు కాబట్టి పద్ధతి మొత్తం వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈ శిక్షణలో పథకాల పేర్లు నేర్పడం చిన్న పని. ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినడం, ఆ మనిషితో కలిసి ఆఫీసు గుమ్మం దాకా నడవడం, పని అయ్యేవరకు విడిచిపెట్టకుండా ఉండడం పెద్ద పని. మీ సమయంలో ఎక్కువ భాగం దానికే ఇవ్వండి.

కావలసినవి

- ఎనిమిది నుంచి పన్నెండు మంది కార్యకర్తలు. అంతకు మించితే ఒక్కొక్కరి అభ్యాసాన్ని చూసి సరిదిద్దడం కుదరదు.
- శిక్షణ ఇచ్చేవాళ్లు ఇద్దరు. అందులో ఒకరు తప్పకుండా మహిళ అయి ఉండాలి.
- అంగన్‌వాడీ కేంద్రం, బడి వరండా, గ్రంథాలయం వంటి చోటు. ఏ కులంవాళ్లయినా సంకోచం లేకుండా అడుగుపెట్టగలగాలి. పెద్ద రైతు ఇంటి వసారా, గుడి మంటపం వద్దు. మరుగుదొడ్డి, తాగునీరు ఉన్నాయో లేదో ముందు రోజే వెళ్లి చూసుకోండి. అవి లేకపోతే రెండో రోజుకు అమ్మాయిలు రావడం మానేస్తారు.
- ఒక్కొక్కరికి గట్టి అట్ట ఉన్న నోటుబుక్కు, చార్టులు, ఊరి పటం వేయడానికి ముగ్గుపిండి.
- భోజనం, బస్సు చార్జీలు, కూలి మానుకుని వచ్చేవాళ్లకు ఆ రోజు కూలికి సరిపడా భత్యం. భత్యం లేని శిక్షణకు ఇంట్లో జరుగుబాటు ఉన్నవాళ్లే వస్తారు. మీకు కావలసినవాళ్లు పొలంలోనే ఉండిపోతారు.

ఎప్పుడు పెట్టాలి?

మే నెల రెండో సగం అన్నింటికన్నా మంచి సమయం. ఇటుక బట్టీలకు వలస పోయిన కుటుంబాలు వానలకు ముందు తిరిగి వస్తాయి. పదో తరగతి ఫలితాలు వచ్చేసి, తప్పినవాళ్లు ఎవరో తెలిసిపోయి ఉంటుంది. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. శిక్షణ ముగియగానే కార్యకర్తలు ఇళ్లకు వెళితే ఆ వారంలోనే కొందరిని బడిలో చేర్చగలరు. గద్వాల వంటి సీడ్ పత్తి (విత్తనాల కోసం పండించే పత్తి) ప్రాంతాల్లో ఆగస్టు దాకా ఆగితే ఊరంతా క్రాసింగ్ పనిలో, అంటే పువ్వులకు చేత్తో పుప్పొడి రుద్దే పనిలో ఉంటుంది, మాట్లాడడానికి మనిషి దొరకడు. డెల్టా ఊళ్లలో నాట్ల వేళ వదిలేయండి.

మొత్తం శిక్షణను ఇలా విడగొట్టండి: మొదట మూడు రోజులు కూర్చుని నేర్చుకోవడం, తరువాత రెండు వారాలు ఊళ్లో పని, మళ్లీ రెండు రోజులు కూర్చోవడం, ఆపైన ఆరు నెలలు నెలకొక పూట. మూడు రోజులు వరుసగా రాలేనివాళ్లుంటే ఆరు సాయంత్రాలు పెట్టండి. అయితే మధ్యలో రెండు వారాల ఊరి పనిని మాత్రం తీసేయకండి. అది లేకపోతే మిగిలినదంతా ఉపన్యాసమే అవుతుంది.

1. మనుషులను ఎంచుకోండి

ఇంగ్లీషు వచ్చినవాళ్లను, మైకులో బాగా మాట్లాడేవాళ్లను వెతకకండి. పని చేయబోయే వాడలోనే పుట్టి పెరిగినవాళ్లను వెతకండి. ఎస్సీ కాలనీలో పని ఉంటే అక్కడి అమ్మాయి కావాలి. చెంచు పెంటలో (చెంచుల గూడెంలో) పని ఉంటే చెంచు యువకుడు కావాలి.

దీనికి మన దగ్గరే మంచి నిదర్శనం ఉంది. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో మొదలుపెట్టిన, బాల కార్మికులను బడిలో చేర్చే పనిని ఊళ్లలో మోసింది ఆ ఊళ్ల యువతే. వాళ్లలో చాలామంది తమ ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాళ్లు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాల కార్మికుడే అన్న సూత్రాన్ని వాళ్లు ఇంటింటికీ తీసుకెళ్లగలిగారు. ఎందుకంటే ఆ ఇళ్ల కష్టం వాళ్లకు కొత్త కాదు. 2003లో శాంతా సిన్హాకు వచ్చిన రామన్ మెగసెసే పురస్కారం వెనుక ఆ యువత శ్రమ కూడా ఉంది.

ఎంపికలో మార్కులు చూడకుండా ఈ చిన్న పరీక్ష పెట్టండి. "మీ వీధిలో బడి మానేసిన ఒకరితో మాట్లాడి, ఎల్లుండి వచ్చి మాకు చెప్పండి" అని పంపండి. తిరిగి వచ్చి "వాళ్లకు చదువు మీద శ్రద్ధ లేదండి" అని తేల్చేసేవాళ్లను పక్కన పెట్టండి. "వాళ్ల నాన్నకు కాలు విరిగింది, మేకలు ఈ అబ్బాయే తోలుతున్నాడు" అని చెప్పేవాళ్లను తీసుకోండి.

హెచ్చరిక: పార్టీ పనుల్లో బాగా తిరిగేవాళ్లను, ఊరి పెద్ద చెప్పి పంపినవాళ్లను మొహమాటంతో చేర్చుకోకండి. వాళ్లు వస్తే ఊళ్లో సగం ఇళ్ల తలుపులు మూసుకుంటాయి.

2. పని హద్దు గీయండి

మొదటి రోజు మొదటి గంట దీనికే. నేల మీద ముగ్గుపిండితో గీత గీసి, ఒక పక్క "మనం చేసేవి", మరో పక్క "మనం చేయనివి" అని రాయండి. కార్యకర్తలనే చెప్పమనండి. చివరికి ఈ నాలుగు మాత్రం రెండో పక్కన ఉండాలి: అప్పు ఇవ్వడం, ఉద్యోగం ఇప్పిస్తానని మాట ఇవ్వడం, కుటుంబ తగాదా తీర్పు చెప్పడం, ఎవరి దగ్గరైనా డబ్బు తీసుకోవడం. దరఖాస్తు ఫీజు కూడా ఆ యువకుడి చేతే కట్టించాలి.

ఎవరి కోసం పని చేస్తున్నారో కూడా తేల్చుకోండి. 2014 జాతీయ యువజన విధానం 15 నుంచి 29 ఏళ్ల వారిని యువతగా చెబుతుంది. ఊళ్లో మాత్రం పన్నెండు, పదమూడేళ్లకే బడి మానేసినవాళ్లు ఎదురవుతారు. వాళ్లను "మన వయసు కాదు" అని వదిలేయకూడదు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 2009 విద్యా హక్కు చట్టం ఉంది. వాళ్లను వయసుకు తగిన తరగతిలో నేరుగా చేర్చుకోవలసిన బాధ్యత బడిది.

3. రక్షణ నియమాలు, అన్నింటికన్నా ముందు

ఇళ్లకు పంపే ముందే ఇవి కంఠతా రావాలి.

- పద్దెనిమిదేళ్ల లోపువాళ్లతో మూసిన గదిలో ఒంటరిగా కూర్చోవద్దు. అరుగు మీద, చెట్టు కింద, నలుగురికి కనిపించేలా, మాట మాత్రం వినిపించనంత దూరంలో మాట్లాడండి.
- ఫొటోలు తీయవద్దు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవద్దు.
- నోటుబుక్కులో పేరు రాయకుండా గుర్తు రాయండి. ఎవరి గుర్తు ఏదో చెప్పే కాగితం ఒక్కటే ఉండాలి, అది ఈ పని మొత్తం చూసుకునే సమన్వయకర్త దగ్గర.
- అమ్మాయిల ఇళ్లకు అబ్బాయిలు ఒంటరిగా వెళ్లవద్దు. చీకటి పడ్డాక ఎవరూ వెళ్లవద్దు.
- "ఎవరికీ చెప్పను" అని ఎప్పుడూ మాట ఇవ్వవద్దు.

చివరి నియమం దగ్గర కాస్త ఆగండి, దీన్నే అందరూ తప్పుతారు. పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలని 2012 పోక్సో చట్టం చెబుతుంది. చెప్పకపోతే శిక్ష ఉంటుంది. పద్దెనిమిది నిండనివాళ్లు ఇష్టపడ్డామన్నా చట్టం దాన్ని ఇష్టంగా చూడదు. అందుకే కార్యకర్తకు ఈ వాక్యం నేర్పండి: "నువ్వు చెప్పేది ఊళ్లో ఎవరికీ చెప్పను. నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం, నీకు ముందు చెప్పి, నిన్ను కాపాడగలిగినవాళ్లకు చెబుతాను." పది సార్లు పైకి అనిపించండి. అవసరం వచ్చినప్పుడు నోరు తడబడకూడదు.

4. ఊరి పటం వేయించండి

ముగ్గుపిండితో ఊరి పటం వేయించండి. ఇళ్లు, బడి, బస్సు ఆగే చోటు, మద్యం దుకాణం, అమ్మాయిలు నడవడానికి భయపడే దారి, కుర్రాళ్లు సాయంత్రం కూర్చునే కల్వర్టు అన్నీ రావాలి. తరువాత ప్రతి ఇంటి మీద చిక్కుడు గింజలు పెట్టించండి, ఆ ఇంట్లో బడిలో, కాలేజీలో, నికరమైన పనిలో లేని యువత ఎందరుంటే అన్ని గింజలు.

గింజలు పెట్టడం అయ్యాక ఒక ప్రశ్న అడగండి: "ఎవరిని మరిచిపోయాం?" అప్పుడు బయటపడతారు. పదిహేడేళ్లకే పెళ్లై వచ్చిన కోడలు, మాట సరిగా రాని అబ్బాయి, హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో కాపలా పనికి వెళ్లిన కుటుంబంతో పోయిన పిల్ల, ఊరి చివర గుడిసెల్లోని సంచార కుటుంబాలు. మీ కార్యకర్తల అసలు పని ఈ మరిచిపోయిన గింజల దగ్గరే ఉంది.

5. వినడం నేర్పండి

ఒకటిన్నర రోజు దీనికే ఇవ్వండి. ఎక్కువనిపించినా తగ్గించకండి.

ముగ్గురేసి జట్లు చేయండి. ఒకరు తమ జీవితంలోని నిజమైన చిన్న ఇబ్బంది చెబుతారు, ఒకరు వింటారు, మూడో మనిషి పెన్ను పట్టుకుని లెక్క రాస్తాడు: వినేవాళ్లు ఎన్నిసార్లు మధ్యలో అడ్డుపడ్డారు, ఎన్నిసార్లు సలహా ఇచ్చారు, "ఎందుకు" అన్న మాట ఎన్నిసార్లు వాడారు. పది నిమిషాల తరువాత లెక్క చదివి వినిపించాలి. మొదటి విడతలో దాదాపు అందరూ రెండు నిమిషాలు గడవకముందే సలహా ఇచ్చేస్తారు. పాత్రలు మార్చి మళ్లీ చేయించండి. మూడో విడతకు సలహాల లెక్క తగ్గకపోతే భోజనం తరువాత మళ్లీ.

తరువాత ఇంటి అభ్యాసం. సీడ్ పత్తి పొలానికి వెళ్లే పదిహేనేళ్ల అమ్మాయిగా ఒక కార్యకర్తను కూర్చోబెట్టండి. ఎనిమిదిలో బడి మానేసింది. ముందు పనికిరాని పద్ధతి చూపించండి.

"బడి ఎందుకు మానేశావు?"
"ఏమో అక్కా."
"చదువుకుంటే బాగుపడతావు కదా?"
"ఊ."

ఇక్కడితో సంభాషణ అయిపోయింది. ఆ అమ్మాయికి ఇది నేరం ఒప్పుకోమన్నట్టుగా వినిపించింది. ఇప్పుడు రెండో పద్ధతి.

"పొద్దున లేచినప్పటి నుంచి నీ రోజు ఎలా గడుస్తుందో చెప్పమ్మా."
"అయిదింటికి లేస్తాను అక్కా. నీళ్లు తెచ్చి, తమ్ముణ్ణి లేపి పొలానికి వెళ్తాం. నిన్న సాయంత్రం విప్పి పెట్టిన మొగ్గలకు పొద్దున్నే పుప్పొడి రుద్దాలి. ఎండెక్కితే పట్టదు."
"మధ్యాహ్నం?"
"అన్నం తిని కాసేపు కూర్చుంటాం. మళ్లీ మూడింటికి మొగ్గలు విప్పడం."
"ఆ కాసేపట్లో ఏం చేస్తావు?"
"మా స్నేహితురాలి తొమ్మిదో తరగతి పుస్తకం ఉంది. చూస్తుంటాను."

ఆ పుస్తకం మాట బయటికి రావాలంటే రోజంతా అడిగి తెలుసుకోవలసి వచ్చింది. కార్యకర్త ఇక్కడ సంబరపడి "అయితే రేపే బడికి రా" అనకూడదు. "ఏ పాఠం చదివావు?" అని అడగాలి. ఈ ఒక్క చోట ఆగడం వచ్చిందంటే ఆ కార్యకర్త పనికి సిద్ధమైనట్టే.

6. తల్లిదండ్రులతో, మేస్త్రీతో మాట

తల్లితో మాట్లాడేటప్పుడు నిలబడి మాట్లాడవద్దు. ఆమె ఏ పని చేస్తుంటే దాని పక్కన కూర్చోవాలి. మొదటి రోజు బిడ్డ సంగతి ఎత్తకపోయినా ఫరవాలేదు. వరసలు కలపడం సహజంగా రావాలి: ఆ ఊరి బిడ్డ అయితే పెద్దమ్మా, వదినా అని పిలవగలరు. బయటి నుంచి వచ్చినవాళ్లు "అమ్మా" అంటే చాలు.

"ఆడపిల్లకు చదువు ఎందుకు?" అన్న మాట వినగానే వాదనకు దిగవద్దని చెప్పండి. చాలాసార్లు దాని వెనుక వేరే భయం ఉంటుంది. ఉన్నత పాఠశాల పక్క ఊళ్లో ఉండడం, దారిలో అల్లరి మూక, బస్సు లేకపోవడం. భయం ఏదో తెలిస్తే దారి వెతకవచ్చు. వసతి ఉన్న కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం, నలుగురు అమ్మాయిలు కలిసి వెళ్లే ఏర్పాటు, కాలేజీ వేళకు బస్సు వేయమని డిపోకు దరఖాస్తు, ఇలా.

అడ్వాన్సు తీసుకున్న కుటుంబాల సంగతి జాగ్రత్తగా చూడాలి. కూలీలను పనికి కుదిర్చే మేస్త్రీ దగ్గర తెచ్చిన అప్పు కింద కొడుకును బట్టీలోనో, గొర్రెల కాపలాకో పెట్టిన ఇళ్లుంటాయి. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం వెట్టికి కారణమైన అప్పు చెల్లదు, దాన్ని వసూలు చేయడానికీ వీల్లేదు. ఈ సంగతి కార్యకర్తకు తెలియాలి. తెలిసింది కదా అని ఒంటరిగా మేస్త్రీతో గొడవకు వెళ్లకూడదు. సమన్వయకర్త వివరాలు రాసుకుని తహసీల్దారుకో, ఆర్డీవోకో, కలెక్టరుకో లిఖితపూర్వకంగా ఇవ్వాలి. కార్యకర్త అదే ఊళ్లో బతకాలి, అది మరవకండి.

7. దారులు చూపించండి, గుమ్మం దాకా వెళ్లండి

పథకాల పాఠం ఒక్క పూటకు మించనివ్వకండి. ప్రతి కార్యకర్త నోటుబుక్కు చివరి పేజీలో ఇవి ఉంటే చాలు.

*చదువు.* పద్నాలుగేళ్లు నిండినవాళ్లు సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) ద్వారా పదో తరగతి రాయవచ్చు. పది పాసై పదిహేను నిండితే ఇంటర్ కూడా. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో వేర్వేరు సార్వత్రిక విద్యాపీఠాలున్నాయి, జాతీయ స్థాయిలో ఎన్‌ఐఓఎస్ ఉంది. ప్రవేశ తేదీలు ఏటా మారతాయి కాబట్టి దగ్గరలోని అధ్యయన కేంద్రానికి వెళ్లి కనుక్కోవాలి. "డబ్బు కట్టండి, పాస్ మేం చేయిస్తాం" అనే దళారులు ప్రతి మండలంలో ఉంటారు. ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి రసీదు ఉంచుకోవడం ఒక్కటే దీనికి మందు.

*నైపుణ్యం.* ఐటీఐలో వెల్డర్ వంటి కొన్ని ట్రేడ్లకు ఎనిమిదో తరగతి పాసైతే చాలు, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటివాటికి పది కావాలి. సొంతంగా పని పెట్టుకోవాలనుకునే పద్దెనిమిది నిండినవాళ్లకు బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలున్నాయి, భోజనం, వసతితో ఉచితంగా నేర్పుతాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటీ ఈ సంస్థలన్నింటికీ నమూనా. ఉద్యోగం కోరేవాళ్లకు 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉంది, 15 నుంచి 35 ఏళ్ల గ్రామీణ పేద యువతకు. ఉద్యోగం నగరంలో వస్తే మొదటి నెల చాలా కష్టం. గది అద్దె, ఒంటరితనం, ఇంటి బెంగ కలిసి వెనక్కి లాగుతాయి. కార్యకర్త ఆ నెలంతా రెండు రోజులకొకసారి ఫోన్ చేయాలి.

*కాగితాలు.* ఎక్కువ దారులు మూసుకుపోయేది ఇక్కడే. ఆధార్, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, టీసీ, మార్కుల మెమో, బ్యాంకు ఖాతా. ముందుగా పుట్టిన తేదీ అన్ని కాగితాల్లో ఒకేలా ఉందో లేదో వేలు పెట్టి చూడడం నేర్పండి. ఆధార్‌లో పుట్టిన తేదీని మార్చుకునే అవకాశం సాధారణంగా ఒక్కసారే, పేరుకు రెండుసార్లు. తొందరపడి తప్పు తేదీ వేయించుకుంటే ఆ అబ్బాయి ఏళ్ల తరబడి తిరగాలి. బడి రికార్డు చూసి, దానికి సరిపోయేలా ఆధార్ మార్పించడం మంచిది. పదిహేనేళ్లకు వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలన్నది కూడా చాలామంది మరిచిపోతారు.

పేరు, చిరునామా చీటీ మీద రాసిచ్చి పంపడం సాయం కాదు. గ్రామ సచివాలయమో, మీసేవ కేంద్రమో, ఐటీఐనో, బ్యాంకో, మొదటిసారి కార్యకర్త పక్కనే కూర్చోవాలి, కానీ మాట్లాడేది ఆ యువకుడే. రెండోసారి గుమ్మం బయట ఉండాలి. మూడోసారి ఇంటి నుంచి ఫోన్లో "ఏమైంది?" అని అడగాలి. ఈ మూడు మెట్లను అభ్యాసంగా చేయించండి. గుమాస్తాగా ఒకరు కూర్చుని "రేపు రా" అని విసుక్కోవాలి. "రేపు ఏ కాగితం తెచ్చుకోవాలో రాసివ్వండి సార్" అని అడగడం అక్కడే అలవాటు కావాలి.

8. ఆపద వేళ ఏం చేయాలి?

ఈ నంబర్లు ఫోన్లో ఉంటే సరిపోదు, నోటుబుక్కు అట్ట మీద కూడా రాయించండి: పిల్లలకు 1098, మహిళలకు 181, అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, మానసిక వేదనలో ఉన్నవాళ్లకు టెలీ మానస్ 14416, ఆన్‌లైన్ మోసాలకు 1930.

బాల్య వివాహం సంగతి తెలిస్తే పెళ్లి రోజు దాకా ఆగకూడదు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలని 2006 చట్టం. నిశ్చితార్థం మాట వినగానే సమన్వయకర్తకు చెప్పాలి, 1098కు ఫోన్ సమన్వయకర్త చేయాలి. పెళ్లి ఆగిన తరువాత ఆ ఇంటికి వెళ్లడం మానకండి, చాలా ఊళ్లలో ఆగిన పెళ్లి బంధువుల ఊళ్లో గుట్టుగా జరిగిపోతుంది. అమ్మాయిని తిరిగి చదువులో చేర్చితేనే ఆగినట్టు లెక్క.

ఫలితాలు వచ్చే రోజు గురించి ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వండి. పది, ఇంటర్ ఫలితాల రోజున కార్యకర్తలు ఇంకే పనీ పెట్టుకోకూడదు. తప్పే అవకాశం ఉందనుకున్న పిల్లల ఇళ్లకు ఉదయమే వెళ్లి కూర్చోవాలి. తండ్రి తిట్టడానికి నోరు తెరిచేలోపు సప్లిమెంటరీ పరీక్ష మాట తెచ్చేయాలి. ఆ పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకూడదు. "చచ్చిపోతాను" అన్న మాట ఎవరి నోట విన్నా ఉత్త మాటగా తీసుకోవద్దు. "నీకు చనిపోవాలనిపిస్తోందా?" అని నెమ్మదిగా, నేరుగా అడగవచ్చు. అలా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. తోడుగా ఒక పెద్ద మనిషిని ఉంచి, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీయించి, 14416కు కలిపి మాట్లాడించాలి. ప్రమాదం అప్పటికే జరిగి ఉంటే 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

9. ఊళ్లో రెండు వారాలు

ఒక్కొక్కరికి అయిదుగురు యువతీ యువకులను మించి ఇవ్వకండి. మొదటి రెండు ఇళ్లకు మీరు వెంట వెళ్లండి, కానీ మాట్లాడకండి. బయటికి వచ్చాక కార్యకర్తను రెండే అడగండి: "ఏం విన్నావు? తరువాత ఏం చేస్తావు?" మీ అభిప్రాయం ఆ తరువాతే.

రెండు వారాల తరువాత జరిగే రెండు రోజుల సమావేశంలో కొత్త పాఠాలు పెట్టవద్దు. ప్రతి ఒక్కరూ ముందుకు కదలని ఒక సంగతి తేవాలి. అందరూ కలిసి దాని మీద ఆలోచించాలి. నెలకొక పూట సమావేశాలు కూడా ఇలాగే. వాటిలో మొదటి అరగంట కార్యకర్తల సొంత బాధకు ఉంచండి. ఇతరుల కష్టం రోజూ వినేవాళ్లకు అది దించుకునే చోటు కావాలి.

తరచూ జరిగే పొరపాట్లు

ఉపన్యాసాలకు అధికారులను పిలవడం. ఒక్కొక్కరు వచ్చి ఒక పూట తీసుకుంటారు, అభ్యాసానికి సమయం పోతుంది. అధికారులను చివరి రోజు సాయంత్రం పరిచయానికి పిలవండి, ఒక గంట చాలు.

తేలిక మనుషులను ఎంచుకోవడం. కార్యకర్తలు తెలియకుండానే చురుకైన, పలకరిస్తే నవ్వే కుర్రాళ్ల దగ్గరకే మళ్లీ మళ్లీ వెళతారు. అందుకే జాబితాలో "మరిచిపోయిన గింజల" నుంచి కనీసం ఇద్దరు ఉండాలని షరతు పెట్టండి.

కార్యకర్తే అన్నీ చేసేయడం. దరఖాస్తు నింపడం, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించడం, ఫోన్ మాట్లాడడం అన్నీ తనే చేస్తే పని త్వరగా అవుతుంది, కానీ ఆ అమ్మాయి రెండో దరఖాస్తుకు మళ్లీ కార్యకర్త కోసమే ఎదురుచూస్తుంది.

అందరికీ టైలరింగ్, కంప్యూటర్ శిక్షణే సూచించడం. మండలంలో ఎన్ని కుట్టు మిషన్లకు పని ఉందో ముందు చూడండి. ట్రాక్టర్ మరమ్మతు, మోటారు వైండింగ్, నర్సరీ పని, పాల సేకరణ కేంద్రం నడపడం వంటివి ఊళ్లోనే నిలబెట్టే పనులు. అమ్మాయిలకు కూడా వీటిని చూపించండి.

ఫలితం ఎలా చూసుకోవాలి?

హాజరు పట్టిక, ఫొటోలు ఏమీ చెప్పవు. మూడు నెలలకు ఇలా చేయండి.

ఒక్కో కార్యకర్త జాబితా నుంచి మీరే రెండు గుర్తులు తీయండి. ఆ ఇళ్లకు కార్యకర్త లేకుండా వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి: "మీ దగ్గరకు ఎవరు వస్తున్నారు? ఏం అడిగారు? తరువాత ఏమైంది?" సమాధానం నోటుబుక్కుతో సరిపోవాలి. "వచ్చి చదువుకోమని చెప్పి వెళ్లారు" అన్న సమాధానం వస్తే పైన అయిదో అంశం, వినడం, మళ్లీ నేర్పాలి. "తెలియదు" అంటే సందర్శన జరగలేదు.

బడిలో, ఐటీఐలో, పనిలో చేరినవాళ్లను చేరిన రోజున లెక్క వేయకండి. మూడు నెలల తరువాత అక్కడే ఉన్నారా అన్నది లెక్క. తిరిగి వచ్చేసినవాళ్ల గురించి కార్యకర్తను మందలించవద్దు. మందలిస్తే వచ్చే నెల నుంచి తప్పుడు లెక్కలు వస్తాయి. ఎందుకు వచ్చారో రాయించండి. ఒకే కారణం అయిదారుసార్లు కనిపిస్తే అది ఆ కుర్రాళ్ల లోపం కాదు, బస్సు వేళో, హాస్టల్ పరిస్థితో, పెద్ద పండుగ తరువాత మొదలయ్యే వలసో అయి ఉంటుంది. ఆ సంగతిని గ్రామసభలో, మండల కార్యాలయంలో అర్జీగా పెట్టండి.

మంచి కార్యకర్తకు ఏడాదిలోపే ఉద్యోగం రావడమో, పెళ్లి కావడమో జరుగుతుంది. దీనికి ముందే సిద్ధంగా ఉండండి. వెళ్లేవాళ్లు కొత్తవాళ్లను వెంటబెట్టుకుని తమ జాబితాలోని ప్రతి ఇంటికీ ఒక్కసారి వెళ్లి, "ఇకనుంచి ఈ చెల్లి వస్తుంది" అని ఎదురెదురుగా పరిచయం చేయాలి. గుర్తుల కాగితం సమన్వయకర్త చేతి మీదుగానే మారాలి, నోటుబుక్కు ఎవరి ఇంట్లోనూ ఉండిపోకూడదు. ఈ అప్పగింతకు వారం రోజులు కేటాయించి, దానికి కూడా భత్యం ఇవ్వండి.